మింగేసిన సగం మాట

మొన్న ఒక ఆదివారం గుడివాడ అవతలి పల్లెటూరి నుంచి ఒకాయన భార్యనూ నాలుగేళ్ల కూతురినీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మా పాపను మద్రాసులో చూపించామని ఎవరో చెప్పారట. ఆసుపత్రికి ఎలా వెళ్లాలి, ఎవరిని కలవాలి, ఎన్నాళ్లు ఉండవలసి వస్తుంది అని అడిగాడు. అన్నీ కాగితం మీద రాసిచ్చాను. వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయాక గానీ, అసలు చెప్పవలసింది చెప్పలేదని నాకు తట్టలేదు. తట్టినా చెప్పగలిగేవాణ్ణి కాదేమో. ఆయన భార్య ఎదురుగా కూర్చుని ఉంది.

నోటితో చెప్పలేనిది రాస్తే వస్తుందేమోనని కూర్చున్నాను. మా జయకు ఇప్పుడు పదేళ్లు. జబ్బు పోయిందని చెప్పను, అది పోయే జబ్బు కాదు. కానీ ఇంట్లో అందరం కడుపునిండా తింటున్నాం, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నాం. ఇది రాయనా అని నా భార్య సుగుణను అడిగితే, "మీ సంగతి మీరు రాసుకోడానికి నన్నెందుకండీ అడగడం?" అంది.

నేను బెజవాడలో కాలవల శాఖ ఆఫీసులో గుమాస్తాను. డెబ్బై రెండు చివర్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. మేమంతా సమ్మెలోకి దిగాం, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. అన్నేసి నెలలు పగటిపూట ఇంట్లో ఉండటం నాకు అదే మొదలు. జయకు మూడున్నరేళ్లు. అప్పటిదాకా దాన్ని పొద్దున లేవకముందో, సాయంత్రం పడుకోబోయే ముందో చూసేవాణ్ణి. ఇంటిపట్టున కూర్చున్నాక తప్పించుకునే వీల్లేకుండా చూశాను.

పిలిస్తే పలికేది కాదు. చెవుడేమో అనుకుందామంటే, పక్కింట్లో బిస్కట్ పొట్లం విప్పిన చప్పుడుకు గుమ్మం దాకా పరుగెత్తేది. చింతగింజలు గడప వెంట వరుసగా పేర్చి, ఒక్క గింజ కదిలినా ఊపిరి అందనంతగా ఏడ్చేది. కొండపల్లి నుంచి చెక్క ఏనుగును తెచ్చాను. దాని ముఖం కూడా చూడలేదు. అది విరగకుండా చుట్టి ఇచ్చిన ఎండుగడ్డిని మాత్రం వారం రోజులు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది. పోనీ మాటలు రావా అంటే అదీ కాదు. రేడియోలో వార్తలు చదివే ఆవిడ గొంతును ఉన్నదున్నట్టు దించేది. "వార్తలు చదువుతున్నది" అని అంత స్పష్టంగా అనే పిల్ల ఒక్కసారి కూడా "అమ్మా" అనలేదు.

మా అమ్మ మాతోనే ఉండేది. మొదట్లో మురిసిపోయింది. "దీని తెలివి చూడరా! రేడియోలోనే ఉద్యోగం చేసుద్ది" అనేది. పోనుపోను ఆ గొంతు మారింది. ఎందుకంటే సుగుణ జయను ఎత్తుకునేది కాదు. ఎత్తుకుంటే ఆ పిల్ల విల్లులా వెనక్కి విరుచుకుని కేకలు పెట్టేది, ముఖమంతా రక్కేది. అందుకని సుగుణ దానికి బారెడు దూరంలో నేలమీద కూర్చుని, అన్నం ముద్ద అరచేతిలో పెట్టుకుని, అది తనంతట తాను వచ్చి తీసుకునేదాకా అలాగే ఉండేది. ఒక్కోసారి గంట పట్టేది. మా అమ్మకు ఆ గంట కనిపించలేదు, ఎత్తుకోకపోవడం ఒక్కటే కనిపించింది.

"కన్నతల్లి ఎత్తుకోని పిల్ల ఎట్టా బాగుపడుద్దిరా? మన వంశంలో ఇట్టాంటివి ఎప్పుడన్నా ఉన్నయ్యా?" అనేది.

ఉన్నాయని అమ్మకూ నాకూ తెలుసు. మా నాన్నగారి తమ్ముడు ఒకాయన మా ఊళ్లో పెరటి పాకలో ఉండేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. దారిన పోయే బళ్ల చక్రాలు చూస్తూ చేతులు ఆడించుకునేవాడు. నాకు పదేళ్లప్పుడు జ్వరం వచ్చి పోయాడు. నా పెళ్లి మాటలప్పుడు ఆయన ఊసు ఎవరూ ఎత్తలేదు. అలాంటి మనిషి ఒకడు ఉండేవాడని సుగుణకు తెలియనే తెలియదు.

డెబ్బై మూడులో ఆఫీసు తెరిచారు. ఆ తాళం తీసినందుకు నా అంత సంతోషపడినవాడు ఇంకొకడు లేడు.

డెబ్బై నాలుగంతా బెజవాడ డాక్టర్ల వసారాల్లో గడిచింది. గవర్నరుపేటలో చెవుల డాక్టరు చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారు. ఇంకొకరు బలానికి మందు రాశారు. వేచి ఉండే చోట జయ నేలమీద దొర్లుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు, "పిల్లని కాస్త అదుపులో పెట్టుకోవాలమ్మా" అని సుగుణతో అనేవాళ్లు. నాతో ఎవరూ అనేవాళ్లు కాదు. నేను అక్కడ ఉంటే కదా. టీ తాగివస్తానని లేచి వెళ్లి, రోడ్డుకు అవతల నిలబడి, వాళ్ల నంబరు పిలిచేదాకా వాళ్లతో వచ్చినవాణ్ణి కానట్టు చూస్తూ ఉండేవాణ్ణి.

మా చర్చి అయ్యగారు ఇంటికి వచ్చి జయ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయబోతే అది ఆయన చెయ్యి కొరికింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం చేతికి పై పంచె చుట్టుకుంటూ, "దాని తప్పేముంది, అడక్కుండా చెయ్యి వేశాను. దూరంగా ఉండే చేసుకుంటాలే" అని గుమ్మం దగ్గరికి జరిగి ప్రార్థన ముగించారు. మేము కేథలిక్ సంఘం వాళ్లం కాకపోయినా, పక్కింటావిడ చెప్పిందని సుగుణ గుణదల మేరీమాత కొండ కూడా ఎక్కివచ్చింది. నేను వెళ్లలేదు. అక్కడ మా ఆఫీసు వాళ్లు కనిపిస్తారని భయం.

ఆ ఏడే మా పెద్ద ఆఫీసరుగారు ఏదో పనిమీద మా వీధికి వచ్చి మా ఇంట్లో అడుగుపెట్టారు. ఆయన రావడం చూసి సుగుణనూ జయనూ వెనక గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేశాను.

"పాప ఉందన్నావు, కనపడదేమయ్యా?" అన్నారు.

"వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లో ఉందండి."

అప్పుడే తలుపు వెనకనుంచి "వార్తలు చదువుతున్నది" అని వినిపించింది.

"రేడియో కొన్నావన్నమాట," అన్నారాయన.

"అవునండి," అన్నాను.

ఆయన వెళ్లాక తలుపు తీశాను. సుగుణ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది.

పిల్లల డాక్టరుగారు ఒకాయన, ఇది మాకు అంతుపట్టదు, మద్రాసు తీసుకెళ్లండి అని చీటీ రాసిచ్చారు. డెబ్బై అయిదు మే నెలలో వెళ్లాం. ఆ పెద్ద ఆసుపత్రిలో పిల్లల మానసిక విభాగం ముందు పొడుగాటి వరండా, గోడ వెంట బల్లలు. మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే. ఉక్క. జయ జనాన్ని చూసి బెదిరి బల్ల కిందికి దూరింది. లాగబోయాను. పక్కన ఒక తమిళావిడ తన ఎదిగిన కూతురి చేతిని కొంగుకు ముడివేసుకుని కూర్చుని ఉంది. ఆవిడ వద్దన్నట్టు నాకు చెయ్యి అడ్డం పెట్టి, తన వాళ్లందరినీ లేపి అవతలి బల్లకు పంపి, భుజం మీది తువ్వాలు మడిచి బల్ల కిందికి తోసింది. జయ దాని మీద తల పెట్టుకుని పడుకుంది. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మూడు రోజులూ ఆ బల్ల మాకోసం ఖాళీగా ఉంచింది.

డాక్టరుగారు తలనెరిసిన మనిషి. రోజూ గది తలుపు తీసిపెట్టి వరండాలో మమ్మల్ని గమనించేవారట, అది మాకు తర్వాత తెలిసింది. మూడోరోజు లోపలికి పిలిచి, చెక్క ముక్కలు, తాళంచెవి, అద్దం జయ ముందు పెట్టి చాలాసేపు చూశారు. ఆయనకు తెలుగు రాదు. సుగుణ ఊళ్లో ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నది. ఆఫీసులో నా ఇంగ్లీషుకు పేరుంది, పై వాళ్ల ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి. అందుకని మాటలన్నీ నా మీదుగానే అటూ ఇటూ నడిచాయి.

"మీ రెండు వైపులా ఇళ్లలో ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

సుగుణను అడగకుండానే, "ఎవరూ లేరండి" అన్నాను.

ఆయన రాసుకున్నారు. తర్వాత, దీన్ని ఆటిజం అంటారని చెప్పారు. ఆ మాట నేను అంతకుముందు వినలేదు. అక్షరం అక్షరం చెప్పి నాచేత రాయించారు. పిల్లకు లోకం మరీ గట్టిగా వినిపిస్తుంది, మరీ దగ్గరగా తగులుతుంది, మనం అనుకునే దారిలో మాటలు రావు, మందు లేదు, నేర్పుకోవాలి అన్నారు. చివరికి నా వైపు వంగి నెమ్మదిగా చెప్పారు: "తల్లిలో ప్రేమ లేకపోతే పిల్లలు ఇలా అవుతారని విదేశాల్లో కొన్ని పుస్తకాల్లో రాశారు. మీరు ఎక్కడైనా చదువుతారు, ఎవరైనా మీతో అంటారు. అందుకే ముందుగా చెబుతున్నాను, నేను దాన్ని నమ్మను. మూడు రోజులుగా ఈవిడను చూస్తున్నాను. ఈ తల్లి తప్పు ఏమీ లేదు. ఆ మాట ఆమెకు చెప్పండి."

సుగుణ నా ముఖం వంకే చూస్తోంది. "ఏమంటున్నారండీ?"

"తల్లిలో ప్రేమ లేకపోతే పిల్లలు ఇట్లా అవుతారని పుస్తకాల్లో రాశారట," అన్నాను.

అక్కడ ఆగాను.

డాక్టరుగారు నేను మొత్తం చెప్పాననుకున్నారు. సుగుణ వైపు చూసి, అవునన్నట్టు చిరునవ్వుతో తల ఊపారు. ఆ తల ఊపడం చూసి సుగుణ తల వంచుకుంది.

ఎందుకు ఆగావని ఎవరైనా అడిగితే మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. ఆ సగం మాట నోట్లోంచి బయటపడగానే, మూడేళ్లుగా నా గుండెలమీద కూర్చున్న పాకలోని మనిషి లేచి వెళ్లిపోయినట్టు అనిపించింది. నా వైపునుంచి వచ్చింది కాదు, నా రక్తం కాదు. ఎంత హాయిగా ఉందో చెప్పడానికి నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. మిగతా సగం వరండాలో చెబుదామనుకున్నాను. తర్వాత రైల్లో అనుకున్నాను. ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి, "ఏమన్నార్రా?" అంది.

నేను చెప్పులు విప్పుతున్నాను. సుగుణే చెప్పింది. "నా వల్లేనంట అత్తయ్యా."

మా అమ్మ చెడ్డ మనిషి కాదు. కానీ తాను అనుకున్నదే పెద్ద డాక్టరు కూడా అన్నాడంటే ఎవరికైనా కాస్త గర్వం వస్తుంది. వారం తిరిగేసరికి మా చుట్టాలందరికీ తెలిసింది.

సుగుణ జయను ఎత్తుకోవడం మొదలుపెట్టింది. అది విదిలించుకున్నా, కొరికినా వదిలేది కాదు. "అమ్మకి ప్రేముందమ్మా, ఉందే తల్లీ" అంటూ గట్టిగా హత్తుకునేది. జయ అరిచి అరిచి గొంతు పోయేదాకా అరిచేది. కొంచెం కొంచెంగా దగ్గరికి చేరుతున్న పిల్ల ఆ దెబ్బతో అన్నం ముద్దకు కూడా రావడం మానేసింది. సుగుణ చేతులనిండా పళ్ల గాట్లు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల రవికలు తొడుక్కునేది. అవన్నీ చూస్తూ నేను పొద్దున్నే కారేజీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లిపోయేవాణ్ణి.

డెబ్బై ఆరు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సుగుణ సంచి సర్దుకుని కూర్చుని ఉంది.

"నేను దగ్గరుంటేనే దానికి ఎక్కువవుతుందేమోనండీ. కొన్నాళ్లు మా ఊళ్లో ఉంటాను. మీరూ అత్తయ్యా చూసుకోండి. నేను లేకుండా అది బాగుపడితే ఇక నేను రాను."

అప్పుడైనా చెప్పలేదు. కూచిపూడి వైపు బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర సీటు పట్టి ఇచ్చాను. వాళ్ల ఊరు కూచిపూడి దాటాక మూడు మైళ్లు.

నేను సెలవు పెట్టాను. మొదటి రోజులు ఎలా గడిచాయో దేవుడికే తెలియాలి. అయిదోరోజో ఆరోరోజో జయకు స్నానం చేయిస్తున్నాను. చెంబుతో తలమీద నీళ్లు పోయబోతే అది కళ్లు గట్టిగా మూసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. వార్తల ఆవిడ గొంతు కాదు. సుగుణ గొంతు.

"కళ్లు మూసుకో బంగారం. నీళ్లొస్తున్నయ్. ఒకటీ, రెండూ... అయిపోయింది. అయిపోయింది తల్లీ. నా బంగారుతల్లి ఎంత ధైర్యంగలదో!"

సుగుణ ఊపిరి తీసుకునే చోట ఊపిరి తీసుకుంటూ, సుగుణ నవ్వే చోట నవ్వుతూ. తుడుస్తుంటే ఇంకొకటి. "నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రా. అమ్మ ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటది." నేను ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు రాసుకుంటున్న ఆ మూడు నాలుగేళ్లూ పగటిపూట ఈ ఇంట్లో ఏం జరిగిందో నా కూతురు నాకు వినిపిస్తోంది. తడినేల మీద కూలబడి ఏడ్చాను. తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోయి తీసుకురా," అంది అంతే.

మర్నాడు వెళ్లాను. జయ నోటి మాటలు విన్నట్టే చెప్పాను. సుగుణ చాలాసేపు నమ్మలేదు. "నా గొంతేనా? సరిగ్గా విన్నారా?" అని మూడుసార్లు అడిగింది. వచ్చేసింది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆ గంటన్నరలో చెప్పేయవచ్చు. పొలాలు చూస్తూ కూర్చున్నాను.

డెబ్బై ఏడు వేసవిలో రెండోసారి మద్రాసు రమ్మన్నారు. ఈసారి పిల్లలకు నేర్పే పంతులమ్మ ఒకావిడ ఉంది. తెనాలి పిల్ల. తెలుగు మాట వినగానే సుగుణ ముఖం విప్పారింది. జయను చెక్కముక్కల ముందు కూర్చోబెట్టి ఆ అమ్మాయి పాత కాగితాలు తిరగేస్తోంది. నేను నోరు తెరిచేలోపలే సుగుణ అడిగేసింది.

"అమ్మా, నా తప్పు నేను దిద్దుకుంటున్నాను. ప్రేమ ఇంకా ఎట్టా చూపించాలో కాస్త చెప్పమ్మా. ఎత్తుకుంటే భయపడిపోతోంది."

"తప్పేంటండీ?" అంది ఆ అమ్మాయి.

"తల్లిలో ప్రేమ లేకే ఇట్టా అయిందన్నారు గదా."

"ఎవరన్నారు?"

"ఇక్కడే, డాక్టరుగారు."

ఆ అమ్మాయి కాగితం మీద వేలు పెట్టి చదివి, ఆశ్చర్యంగా నా వైపు చూసింది. "అబ్బే, ఇక్కడ రాసే ఉందండీ. తల్లి చాలా ఓర్పుతో చూసుకుంటోంది, ఆమె దోషమేమీ లేదు, ఆ సంగతి భర్త ద్వారా ఆమెకు చెప్పడమైనది అని. మీకు చెప్పలేదా?"

సుగుణ నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. తప్పు అచ్చయిన లెక్కల పుస్తకాన్ని చూసినట్టు నన్ను చూసింది. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "అయితే ఎత్తుకోకపోయినా ఫర్వాలేదామ్మా?" అంది. ఆ మిగిలిన గంటా వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. ఏ పనైనా చేయబోయే ముందు పిల్లకు చెప్పడం, ఒకసారి ఒక్క మాటే చెప్పడం, బొమ్మ చూపించి అడగడం, దగ్గరికి రావడం దానికే వదిలేయడం. సగం సంగతులు సుగుణ ఎవరూ చెప్పకుండానే ముందునుంచీ చేస్తున్నవే.

తిరుగు రైలు గూడూరు దాటాక ఆమె ఇడ్లీ పొట్లం విప్పింది. అప్పుడు అడిగింది.

"ఆ రెండో మాట ఇంగ్లీషులో చాలా పొడుగుందాండీ?"

"లేదు. చిన్నదే."

"తెలుగులో?"

"తెలుగులోనూ చిన్నదే."

తల ఆడించి, జయకు ఇడ్లీ తుంచి ఆకు అంచున పెట్టింది.

ఇంటికి వచ్చాక, ఎవరూ పట్టుకోకముందే ఒక్క పనైనా చేద్దామని, అమ్మను కూడా కూర్చోబెట్టి పాకలోని మనిషి గురించి చెప్పాను. మద్రాసులో ఆయన సంగతి దాచిందీ, సగం మాట మింగిందీ చెప్పాను. అమ్మ, "అప్పుడే ఎందుకు చెప్పలేదురా? నేను దాన్ని ఎన్ని మాటలన్నానో" అని నన్ను కొట్టినంత పని చేసింది. సుగుణ మాత్రం ఒకటే అడిగింది.

"ఆయన పేరేంటి?"

పేరు చెప్పడానికి నాకు ఒక క్షణం పట్టింది. "దానయ్య."

"ఆయన్ని ఎవరు చూసుకునేవాళ్లు?"

"మా నాయనమ్మ."

"అయితే ఆవిడకీ తెలుసన్నమాట," అంది సుగుణ. ఏమిటి తెలుసో చెప్పలేదు.

ఆ తర్వాతి నెలనుంచి సుగుణ ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టింది. నా దగ్గర కాదు. పక్క వాటాలో కాలేజీకి వెళ్లే అమ్మాయి దగ్గర. నేను నేర్పుతానని అనలేదు, అనే మొహం నాకు లేదు. మధ్యాహ్నాలు జయ చింతగింజలు పేర్చుకుంటుంటే పక్కన కూర్చుని పలక మీద రాసుకునేది. జయకు బొమ్మల అట్టలు కూడా తనే గీసింది. డెబ్బై ఎనిమిదిలో ఒక పొద్దున జయ నీళ్ల బొమ్మ అట్ట పట్టుకుని సుగుణ దగ్గరికి వెళ్లి, తన సొంత గొంతుతో "అమ్మా, నీళ్లు" అంది. ఆ గొంతు అంతకుముందు మేమెవరమూ వినలేదు. కాస్త బొంగురుగా ఉంది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను ఆ రోజు కూడా ఆఫీసులోనే ఉన్నాను.

ఈ ఏడు జూలైలో మూడోసారి వెళ్లాం. అదే డాక్టరుగారు. పేరు పిలవగానే నేను లేచాను. సుగుణ నా చేతిలోంచి కాగితాల సంచి తీసుకుని, "మీరు ఇక్కడే ఉండండి" అని జయను నడిపించుకుని లోపలికి వెళ్లింది. వరండాలో బల్లమీద కూర్చున్నాను. పక్కన నెల్లూరాయన ఒకడు, "లోపల ఏమంటున్నారండీ?" అని పలకరించాడు. "మా ఆవిడ వచ్చి చెప్పాలండి," అన్నాను.

చాలాసేపటికి వచ్చింది. నుదుటి మీద చెమట. జయను బల్లమీద ఒక చివర కూర్చోబెట్టి, తను మధ్యలో కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.

"ముందు చెడ్డది చెప్తాను. పూర్తిగా తగ్గడమంటూ ఉండదన్నారు. పెద్దయ్యాక కూడా మనిషి తోడు ఉండాల్సిందేనన్నారు. మామూలు బడిలో చేరడం కష్టం. ఇక మంచిది. మాటలు ఇంకా వస్తయ్యన్నారు. బొమ్మల అట్టలు చూసి ఎవరు గీశారని అడిగారు. మీ బాబాయిగారి సంగతి చెప్పాను, రాసుకున్నారు. రెండుచోట్ల నాకు ఇంగ్లీషు అర్థం కాకపోతే మళ్లీ చెప్పమన్నాను, మళ్లీ చెప్పారు."

"ఇంకేమైనా అన్నారా?" అని అడిగాను.

"అన్నదంతా చెప్పానండీ," అంది.